చెక్క గుర్రం మీద దారి

అక్క ఆ రోజు ఇంట్లో అబద్ధం చెప్పి బయల్దేరింది. లైనింగ్ గుడ్డ అయిపోయింది, బజారుకెళ్ళి తెచ్చుకోవాలి అంది. తమ్ముడు పేపర్లోంచి తలెత్తకుండా "సరే అక్కా" అన్నాడు. అబద్ధం చెప్తే ఆమెకి చెవులు ఎర్రబడతాయి, చిన్నపిల్ల కూడా ఇట్టే పట్టేస్తుంది. కానీ ఆ పూట అవతలివాడి కడుపులోనూ ఒక అబద్ధం ఉంది కనక, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే గండం గట్టెక్కారు.

సంగతేమిటంటే, ఆమె దర్జీ. పొద్దున వాడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతుంటే జేబులో ఒక చీటీ దొరికింది. మోటార్ సైకిళ్ళు కట్టే షెడ్డు అడ్రసు. కింద పెన్సిల్‌తో, "శనివారం మూడింటికి. మూడోసారి. ఇదే ఆఖరు." శనివారమంటే ఇవాళే. రెండేళ్ళ కిందట వాడు మోటార్ సైకిల్ మీంచి పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. పోగొట్టుకోవడమంటే చెయ్యి ఉంది, వేళ్ళూ ఐదూ ఉన్నాయి, పట్టే లేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. అలాంటి చేత్తో మళ్ళీ బండా? అదీ అక్కకి చెప్పకుండా, దొంగచాటుగా కట్టించుకుంటున్నాడా? తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి పెంచింది ఆమే. మూడింటికి వాడొచ్చేలోపు, రెండింటికే వెళ్ళి, ఆ కట్టేవాళ్ళెవరో వాళ్ళని గడ్డం పట్టుకుని బతిమాలో, నాలుగు దులిపో, ఆ పని ఆపించెయ్యాలి. అందుకే బయల్దేరింది.

షెడ్డు ఒక పొడవాటి సందు చివర ఉంది. బోర్డు మీద ఏ కంపెనీ పేరూ లేదు. "బండ్లు కట్టబడును. ఉన్న బండ్లు శ్రుతి చేయబడును" అని మాత్రం ఉంది. అక్క రెండోసారి చదువుకుంది. శ్రుతి చెయ్యడానికి ఇదేమన్నా వీణా? వీళ్ళ మొహం, అనుకుంది కోపంగా. కోపంగా అనుకుంటూనే లోపలికి అడుగు పెట్టింది, పెట్టాక ఆ కోపం ఎక్కడ పెట్టిందో కాసేపు ఆమెకే గుర్తు రాలేదు.

లోపల మధ్యాహ్నం ఇంకో రకంగా ఉంది. పైకప్పు రేకుల్లో ఒక్కటి మాత్రం గాజురేకు. అందులోంచి ఎండ నిలువునా దిగుతోంది, ఆ ఎండలో ఇనుప రజను తీరిగ్గా తేలుతోంది. దూలాలకి తీగలు కట్టి పెట్రోల్ ట్యాంకులు వేలాడదీశారు. ఇంకా రంగు వెయ్యని తెల్లటి రేకు ట్యాంకులు, తోమి బోర్లించిన గిన్నెల్లా మెరుస్తూ, గాలి లేకపోయినా మెల్లగా తిరుగుతున్నాయి. గోడ వారగా చక్రాల్లేని బండ్లు, బండ్లు లేని చక్రాలు. వేడి నూనె వాసన. ఎక్కడో లోపలినుంచి ఒక ఇంజన్ చప్పుడు, నిద్రలో ఉన్న మనిషి ఊపిరంత నిదానంగా, ఎక్కడా తడబడకుండా వస్తోంది.

ఆ ఇంజన్ ముందు పీట వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుంది. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి. రెండో చేత్తో ఏదో మరని గోరంత తిప్పింది. చప్పుడు కాస్త గరుకైంది. ఇంకో గోరంత వెనక్కి తిప్పింది. గరుకుపోయి చప్పుడు మళ్ళీ నిద్రపోయింది. ఆవిణ్ణి ఆ షెడ్డులో అందరూ చెవులమ్మ అంటారు. ఇంజన్ కడుపులో ఏముందో చెవితో చెప్పేస్తుందని ఆ పేరు. మొగుడు పిలిస్తే మాత్రం ఆ చెవులకి వినపడదు.

మొగుడు అంటే మేస్త్రి. బండ్లు కట్టేది ఆయన, శ్రుతి చేసేది ఆవిడ. ముక్కు మీద కళ్ళద్దాలు, కళ్ళద్దాల మీద కోపం. అక్కని చూసి గడియారం చూశాడు.

"ఏమేవ్! రెండింటి ఆవిడ వచ్చింది. టయానికి వచ్చింది, మెచ్చుకోవాలి!"

"అది కాదండీ, నేను..." అంది అక్క.

"మాటలు తర్వాత. ముందు గుర్రం."

"అయ్యో, నేను చెప్పొచ్చేదేంటంటే..."

"చెప్పొద్దనే కదా చెప్తున్నాను! సంచి అక్కడ పెట్టండి. చెప్పులు విడవండి. ఎక్కండి."

ఆ షెడ్డు పద్ధతే అంత. బండి కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళని మేస్త్రి నోరు విప్పనివ్వడు. ముందు విప్పనిస్తే వాళ్ళు ఎక్కడో ఫొటోలో చూసిన బండి గురించి గంటసేపు చెప్తారట, అది విన్నాక ఆ మనిషికి సరైన కొలత చస్తే దొరకదట. అందుకని చెక్క గుర్రం ఒకటి చేయించాడు. నాలుగు కాళ్ళు, పైన సీటు పలక, ముందుకీ వెనక్కీ జరిగే హ్యాండిల్ గొట్టం, కింద పాదాలు పెట్టుకునే కడ్డీలు. దానిమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బాగా తెలిసిన దారి ఒకటి మొదట్నుంచి చివరిదాకా పైకి చెప్పుకుంటూ పోవాలి. చప్పుడు కోసం చెవులమ్మ పక్కనే ఇంజన్ నడుపుతూ ఉంటుంది. దారిలో పడితే ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటుంది. అప్పుడు మేస్త్రి సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటాడు. ఇక్కడ చెయ్యి, ఇక్కడ మోకాలు, ఇక్కడ మడమ. దారి చివరిదాకా పోవాలి. మధ్యలో కళ్ళు తెరిస్తే కొలతా లేదు, బండీ లేదు.

అక్క ఎందుకు ఎక్కిందంటే, అదో తమాషా. ఇరవై ఏళ్ళుగా ఆమె టేపు మెళ్ళో వేసుకుని జనానికి ఇవే మాటలు చెప్తోంది. నిటారుగా నిలబడండి, చేతులెత్తండి, మాట్లాడకండి, కొలత తప్పిపోతుంది. అదే గొంతుతో ఎదుటివాడు చెప్పేసరికి ఒళ్ళు తన మాట వినకుండా వాడి మాట వినేసింది. చూస్తుండగానే ఆమె గుర్రం మీద ఉంది.

"కళ్ళు మూసుకోండి. ఏ దారి?"

దారి! బజారుకెళ్ళే దారి చెప్దామనుకుంది. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"బడికి వెళ్ళే దారి."

"కానివ్వండి."

ఇంజన్ చప్పుడు దగ్గరికొచ్చింది. రెప్పల వెనక గాజురేకు వెలుగు ఎర్రగా, వెచ్చగా ఉంది. "ఇది మా గేటు. గొళ్ళెం పట్టదు, రాయి పెట్టాలి," అంది అక్క. "సైకిల్ నాన్నది. సీటు మీద కూర్చుంటే కాళ్ళందవు, అటొకసారి ఇటొకసారి జారాలి. ఇదిగో కంకర. ఇదిగో గడియారాలు బాగుచేసే కొట్టు. ఆయన చెయ్యి ఊపుతాడు, నేను ఊపను, ఊపితే పడతాం. ఇక్కడ నీడ. పొడుగాటి గోడ, గోడవతల ఎవరో రోజూ వయొలిన్ నేర్చుకుంటారు, రోజూ ఒక్కచోటే తప్పుతారు..." ఆమెకి పన్నెండేళ్ళు. గాలి మోకాళ్ళకి తగులుతోంది. ఆ వయొలిన్ తప్పు దగ్గరికి రాగానే వెనకనుంచి కిలకిలమని నవ్వు వినపడింది, నిజంగానే వినపడింది, ఒట్టు. ఆమె కూడా నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. గోడ అయిపోయింది, బడి గంట మోగింది, దిగింది.

కళ్ళు తెరిచేసరికి మేస్త్రి సుద్దముక్క పట్టుకుని ఆమె ఎడమ చేతిని చూస్తున్నాడు. కుడిచెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ఎడమచెయ్యి వెనక్కి వెళ్ళి, సీటు వెనక గాల్లో, ఏదో గట్టిగా పట్టుకున్నట్టు గుప్పిట బిగించి ఉంది.

"ఆ చేత్తో ఏం పట్టుకున్నారు?" అన్నాడు, ఈసారి కోపం లేకుండా.

"మా తమ్ముడి చొక్కా," అంది అక్క. "వాడికి నాలుగేళ్ళు. వెనక కూర్చుని నవ్వుతూ నవ్వుతూనే నిద్రపోయేవాడు. వదిలితే పడిపోతాడు."

అన్నాక గుప్పిట చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది తను ఎందుకొచ్చిందో. గబగబా దిగబోయి కడ్డీకి కాలు తగిలించుకుంది.

"నేను మీ రెండింటి ఆవిణ్ణి కాదండీ. మూడింటికి ఒకతను వస్తాడే, ఎడమ చేతికి పట్టు లేనతను, వాడి అక్కని. వాడికి బండి కట్టకండి. మీకు పుణ్యముంటుంది, కట్టకండి."

మేస్త్రి మళ్ళీ గడియారం చూశాడు. వెనక్కి తిరిగి, "ఏమేవ్! ఎవరినో ఎక్కించేశాం!" అన్నాడు.

"ఎక్కించింది మీరు," అంది చెవులమ్మ స్క్రూ డ్రైవర్ చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే. "ఆ రెండింటి ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసింది, వచ్చే వారం వస్తానని. చెప్పాను. మీరు వింటేగా."

వేరేవాళ్ళయితే ఇక్కడ నవ్వేవాళ్ళు. అక్కకి ఏడుపొచ్చింది. పీట చూపిస్తే కూలబడింది. ఆస్పత్రి, మూడు ఆపరేషన్లు, పదకొండు నెలలు రబ్బరు బంతి పిసకడం, ఇప్పటికీ వీధిలో బండి చప్పుడైతే తను కిటికీ మూసెయ్యడం, అన్నీ చెప్పింది. "వాడంటూ మిగిలాడు. నాకది చాలు. మీకు వాడు ఒక బేరం. నాకు వాడు తప్ప ఎవరూ లేరు," అంది.

మేస్త్రి నిలబడే విన్నాడు. "ఒంటి చేత్తో వాణ్ణి ఊరంతా తిప్పారు మీరు," అన్నాడు చివరికి. "వాడు ఒంటి చేత్తో తిరగకూడదా?"

"అది సైకిల్!"

"నేను కట్టేది మాత్రం ఏంటమ్మా? రెండు బ్రేకులూ కాలికి కలిపేస్తాను. కుడిచేతి లివర్ని, ఎడమ చేత్తో నొక్కాల్సిన క్లచ్‌కి వదిలేస్తాను. ఎడమ చెయ్యి ఊరికే అలా పెట్టుకుంటే చాలు." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అయినా మీరింత దూరం వచ్చి ఆపక్కర్లేదు. వాడే ఆగిపోతున్నాడు."

"అంటే?"

"రెండుసార్లు గుర్రం ఎక్కాడు. వేరే దారి చెప్పరా అంటే వినడు, పడిన దారే చెప్తాడు. రెండుసార్లూ ఆ పంపుహౌస్ మలుపు దగ్గరికి వచ్చి కళ్ళు తెరిచేశాడు. చెమటలు కక్కుతాడు. మూడోసారి కూడా అంతే అయితే నేను కట్టను. దారి పూర్తికానివాడికి కట్టి రోడ్డు మీదకి వదలను. నాకూ పిల్లలున్నారు."

హమ్మయ్య, అనుకుంది అక్క. పైకి అనలేదు గానీ ఒళ్ళంతా తేలికపడింది. ఇంకో గంటలో అంతా అయిపోతుంది, తను చెడ్డదాన్ని కానక్కర్లేదు, వాడు తనంతట తనే ఇంటికొచ్చేస్తాడు. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది, కానీ తేలికే ఎక్కువ. ఉండి చూస్తానంది. మేస్త్రి ట్యాంకులు పెట్టిన బీరువా వెనక పీట వేయించాడు. ఒకటే షరతు పెట్టాడు. ఒకరి దారిలో ఇంకొకరు నోరెత్తకూడదు.

మూడింటికి తమ్ముడు వచ్చాడు. బీరువా సందులోంచి అక్క చూసింది. ఇంట్లో ఎప్పుడూ వంగినట్టుండేవాడు ఇక్కడ భుజాలెత్తి నడుస్తున్నాడు. వేలాడే ట్యాంకుల కింద నుంచి వెళ్తూ ఒకదాన్ని చేత్తో తాకాడు, ఎడమ చేత్తో. ఆ చెయ్యి వాడు ఇంట్లో జేబులోంచి తియ్యడు. చెవులమ్మ ఏదో అంటే నవ్వాడు కూడా. వీడు నవ్వుతున్నాడా? నాకు తెలియకుండా ఇక్కడికొచ్చి నవ్వుతున్నాడా? అక్కకి ఉక్రోషం ముంచుకొచ్చింది, దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది.

ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంజన్ చప్పుడు వాడి కిందకి జరిగినట్టయింది.

"ఆఫీసు గేటు," అన్నాడు తమ్ముడు. "సాయంత్రం. వాన వచ్చి వెలిసింది. రోడ్డు నల్లగా ఉంది, దీపాలు కింద కూడా ఉన్నాయి, పైన కూడా ఉన్నాయి." గొంతు మెల్లగా, పుస్తకం చదువుతున్నట్టు ఉంది. ఒళ్ళు ముందుకి వాలింది. మోకాళ్ళు దగ్గరికొచ్చాయి. "వంతెన. కింద నీళ్ళ చప్పుడు. వంతెన మీద గాలి ఎప్పుడూ ఎడమవైపు నుంచే. ఇప్పుడు దిగుడు. ఇంజన్ వదిలేస్తే తనే పోతుంది, చాలా బావుంటుంది ఇక్కడ." చెవులమ్మ కళ్ళు మూసుకునే చప్పుడు తగ్గించింది, నిజంగా దిగుడు దిగుతున్నట్టే. గాజురేకు వెలుగు జరిగి జరిగి వాడి భుజం మీదకి వచ్చింది. షెడ్డంతా కదులుతున్నట్టుంది. ట్యాంకులు, చక్రాలు, అన్నీ నిశ్శబ్దంగా వాడి పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. వీడు బండి మీద ఇంత అందంగా ఉంటాడని అక్కకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఎప్పుడూ వాడు వెళ్ళడం చూసింది, రావడం చూసింది. మధ్యలో వాడు ఎలా ఉంటాడో చూడలేదు.

"పంపుహౌస్," అన్నాడు. ఆగాడు. "మలుపు."

కుడి చేతి వేళ్ళు తెల్లబడ్డాయి. కాలు కడ్డీని తొక్కిపట్టింది. "ఇసుక ఉంది," అన్నాడు. "రోడ్డు మీద ఇసుక ఉంది." గొంతు పిల్లాడిదైపోయింది. నుదుటి మీద చెమట. రెప్పలు అదురుతున్నాయి, తెరుచుకోబోతున్నాయి. మేస్త్రి సుద్దముక్క కిందకి దించేశాడు.

ఇంకొక్క క్షణం అక్క ఊరుకుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. వాడు కళ్ళు తెరుస్తాడు, దిగుతాడు, ఇంటికొస్తాడు, పేపర్లో తల దూర్చుకుంటాడు, ఇక ఎప్పటికీ అలాగే ఉంటాడు. ఆమెకి కావలసిందే అది. పొద్దుట్నుంచీ దేవుడికి దండం పెట్టుకున్నదే దానికి.

"మలుపు అయిపోయిందిరా," అంది అక్క.

ఎప్పుడు లేచిందో, ఎప్పుడు బీరువా దాటిందో ఆమెకి తెలీదు. మేస్త్రి చురచుర చూశాడు. చెవులమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "అక్కా?"

"కళ్ళు తెరవకు. మలుపు అయిపోయింది, ఇసుక వెనకే ఉండిపోయింది. చూసుకో, ఎడమ పక్కన కలప డిపో. దుంగలు తడిసి ఎర్రగా ఉన్నాయి. గేటు దగ్గర కుక్క పడుకుంది, మొరగదు, ముసలిది."

తమ్ముడి కాలు కడ్డీ మీద కొంచెం సడలింది. "...కలప డిపో," అన్నాడు.

"దాని పక్కన సగం కట్టి వదిలేసిన మేడ. మెట్లున్నాయి, పైన గది లేదు. తర్వాత ఒక కుళాయి, కట్టినా కారుతుంది. అక్కడ రోడ్డు ఎప్పుడూ తడే, మెల్లగా పో. ఆఁ, అలాగ."

"నువ్వు ఈ దారిలో ఎప్పుడొచ్చావక్కా? నువ్వు ఇటు రావుగా."

"ఆ రోజు వచ్చాను." ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు ఆమె. "నువ్వు పడ్డావని ఎవరో వచ్చి చెప్తే ఇంటి దగ్గర్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆటో కోసం ఆగలేదు, చెప్పులేసుకోలేదు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను, ఇది దాటితే వాడుంటాడు, ఇది దాటితే వాడుంటాడు అని. ఒక్కటీ మర్చిపోలేదురా. నేను అటు నుంచి వచ్చాను, ఇప్పుడు నువ్వు ఇటు నుంచి పోతున్నావు, అంతే. ఇదిగో, బేకరీ. దీపం వేశారు. వేడి రొట్టె వాసన."

"వస్తోంది," అన్నాడు తమ్ముడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చెవులమ్మ చప్పుడు కాస్త పెంచింది. గాలి వచ్చినట్టు పైన ట్యాంకులు తిరిగాయి.

"మూడు స్పీడ్ బ్రేకర్లు. ఒకటి. రెండు. మూడోది పెద్దది, నడుం జాగ్రత్త. ఇప్పుడు మన వీధి. కుడికి తిరుగు."

"తిరిగాను." ఒళ్ళు మెల్లగా కుడికి ఒరిగి, మళ్ళీ నిలబడింది. ఆ ఎడమ చెయ్యి, పట్టు లేని చెయ్యి, హ్యాండిల్ మీద అలా ఊరికే ఆని ఉంది. మేస్త్రి వంగి, చప్పుడు కాకుండా, దాని కింద సుద్దతో ఒక గీత గీశాడు. మోకాలి దగ్గర ఒకటి. మడమ దగ్గర ఒకటి.

"మన గేటు," అన్నాడు తమ్ముడు. ఇంజన్ నిదానించి, ఆగిపోయింది. షెడ్డులో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే వీధిలో ఎవరో నడిచిపోతున్న అడుగులు వినపడ్డాయి. "అక్కా, తలుపు తియ్యి."

"తీసే ఉందిరా," అంది అక్క.

అప్పుడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా అక్క. "లైనింగ్ గుడ్డ దొరికిందా?" అన్నాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటేసింది, గట్టిగానే.

మేస్త్రి సణుగుడు మొదలుపెట్టాడు. ఒకరి దారిలో ఇంకొకరు మాట్లాడకూడదని చెప్పాను, ముప్పై ఏళ్ళలో ఎవరూ మాట్లాడలేదు, ఇది లెక్కలోకి వస్తుందో రాదో... "మనిషి ఇంటికి చేరాడా లేదా?" అంది చెవులమ్మ. "చేరాడు. మరి మీ బాధేంటి?" మేస్త్రి సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. అంటే కడతాడన్నమాట.

అక్కకి భయం పోయిందనుకునేరు. పోలేదు. రేపు బండి వస్తుంది, వాడు వెళ్తాడు, వంతెన ఉంటుంది, దిగుడు ఉంటుంది, ఆ మలుపూ ఉంటుంది, తను ఇంట్లో కుట్టుమిషన్ ముందు ఉంటుంది. అంతా తెలిసే మాట్లాడింది. మాట్లాడినందుకు తన మీద తనకి కోపంగానూ ఉంది, వాణ్ణి చూస్తుంటే ఆ కోపం నిలబడటమూ లేదు.

చెవులమ్మ ఒక అట్టల పుస్తకం తెచ్చుకుని పీట మీద కూర్చుంది. పెన్సిల్ నాలుక మీద తడి చేసుకుని, "ఇంక నా పని. చప్పుడు ఎలా ఉండాలి బాబూ?" అని అడిగింది.

తమ్ముడు అక్క వైపు ఓరగా చూశాడు. "మెత్తగా పెట్టండి. వినీ వినపడనట్టు. అక్కకి బండి చప్పుడు పడదు."

"వద్దు," అంది అక్క. "గట్టిగా పెట్టండి."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"కలప డిపో దగ్గర ఉండగానే నాకు ఇంట్లోకి వినపడాలి. మలుపు దాటేశాడని తెలియాలి."

"అంత గట్టిగా పెడితే పోలీసులు పట్టుకుపోతారమ్మా," అన్నాడు మేస్త్రి.

"అయితే బేకరీ దగ్గర నుంచైనా."

చెవులమ్మ పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది. బేకరీ నుంచి ఇంటికి ఎంత దూరం, మధ్యలో మేడలున్నాయా, సాయంత్రం వీధిలో సందడి ఉంటుందా అని అడిగింది. అక్క అన్నిటికీ జవాబు చెప్పింది. ఆవిడ తల ఊపి, పుస్తకంలో చప్పుడు అని ఉన్నచోట, మిగతావాళ్ళందరికీ ఏవేవో అంకెలు రాసి ఉన్న వరసలో, "అక్కకి వినపడాలి" అని రాసుకుంది.